ఎలియట్ సినిమాలు చూసి రాశాడా? మాంటాజ్‌కీ ఆధునిక కవిత్వానికీ ఉన్న లంకె

నీటిగడియారం:

అందరికీ నమస్కారం. నాది ఎం.ఎ. ఇంగ్లీషు, రెండో ఏడాది. సెమినార్ పేపర్‌కి నాకు వచ్చిన టాపిక్ తొలినాటి సినిమా మాంటాజ్ (వేరు వేరు షాట్లు పక్క పక్కన అతికించి కొత్త అర్థం పుట్టించడం), ఆధునిక కవిత్వం మీద దాని ప్రభావం. లైబ్రరీలో దొరికినవన్నీ చదువుతున్నాను, అందరూ తిప్పి తిప్పి ఒకటే చెబుతున్నారు: కవి టి.ఎస్. ఎలియట్ ‘ది వేస్ట్ ల్యాండ్’ సినిమాలా ముక్కలు ముక్కలుగా నడుస్తుంది, సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టయిన్ తెర మీద చేసిన పనే ఎలియట్ కాగితం మీద చేశాడు అని. కవిత చదివితే నాకూ అలాగే అనిపిస్తుంది, దాంతో పేచీ లేదు. కానీ ప్రభావం అని రాయాలంటే చేతికి చిక్కేది ఏదైనా ఉండాలి కదా? ఏ కవి ఏ సినిమా చూశాడు, చూశాక రాత ఎక్కడ మారింది? ఆ సంగతి ఎక్కడా సరిగ్గా దొరకడం లేదు. సబ్మిట్ చేసే తేదీ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దారి చూపిస్తే మేలు మరచిపోను.

కత్తెర_పని:

నేను ఎడిటింగ్‌లో పనిచేస్తాను. కవిత్వం మీద నాకన్నా తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి సినిమా వైపు నుంచి మాత్రం చెబుతాను.

మాస్కోలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు చేసిన ప్రయోగం మీకు తెలిసే ఉంటుంది. ఇవాన్ మొజూఖిన్ అనే నటుడి ముఖం, భావం ఏదీ పెద్దగా లేని ఒకే షాట్ తీసుకున్నాడు. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె అతికించాడు, ఒకసారి శవపేటిక అతికించాడు. మూడో షాట్ ఏమిటన్నది చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. చూసినవాళ్లేమో ఆహా ఆకలి ఎంత బాగా చూపించాడు, దుఃఖం ఎంత బాగా పలికించాడు అని నటుణ్ణి మెచ్చుకున్నారట. ఆ ఫిల్మ్ ఇప్పుడు లేదు, ఆయన శిష్యుడు పుదోవ్‌కిన్ రాసిపెట్టాడు కాబట్టి మనకి తెలిసింది. ముఖం మారలేదు, పక్కనున్నది మారింది, చూసేవాడు మధ్యలో ఖాళీని తనే నింపుకున్నాడు. ఎడిటింగ్ రూములో రోజూ మేం చేసేది ఇదే.

ఐజెన్‌స్టయిన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ‘బ్యాటిల్‌షిప్ పొటెమ్కిన్’లో మూడు రాతి సింహాలుంటాయి, క్రిమియాలో అలుప్కా అనే ఊళ్లో ఒక రాజభవనం మెట్ల దగ్గరివి. ఒకటి పడుకుని ఉంటుంది, ఒకటి తల ఎత్తుతుంది, ఒకటి లేచి కూర్చుంటుంది. మూడూ వేరు వేరు బొమ్మలు. వెంట వెంటనే చూపిస్తే ఒకే సింహం నిద్ర లేచినట్టు ఉంటుంది. రాయి లేచింది అన్న మాట ఏ షాట్‌లోనూ లేదు, అతుకులో ఉంది. నాకు తెలిసినంతలో కవిత్వంలో ఉపమ, రూపకం చేసే పనికి చాలా దగ్గరగా వచ్చిన సినిమా పని ఇది. కాబట్టి లంకె ఉందనే అంటాను.

పాతపేట_చదువరి:

కత్తెర_పని గారు చెప్పింది సొగసుగా ఉంది. లంకె ఉంది, అయితే ఏది ముందు ఏది వెనక అన్నది చూసుకోకుండా పేపర్ రాస్తే మొదటి ప్రశ్నకే కూలిపోతుంది.

తేదీలు చూడండి. ‘ది వేస్ట్ ల్యాండ్’ అచ్చయింది 1922 అక్టోబరులో. ఐజెన్‌స్టయిన్ తొలి పూర్తి నిడివి సినిమా ‘స్ట్రైక్’ 1925. ‘పొటెమ్కిన్’ మాస్కోలో 1925 డిసెంబరులో ఆడింది. లండన్‌లో ఫిల్మ్ సొసైటీ వాళ్లు దాన్ని వేసింది 1929 నవంబరు 10న, ఆ సొసైటీ పుట్టిందే 1925లో. ఎలియట్ కవిత ముగించే నాటికి సోవియట్ మాంటాజ్ అన్నది లండన్‌లో ఎవరి కంటా పడలేదు. ఎలియట్ మిత్రుడు, కవి ఎజ్రా పౌండ్ మెట్రో కవిత 1913. ఫ్రెంచి కవి అపోలినేర్ ‘జోన్’ 1912. అప్పటికి ఐజెన్‌స్టయిన్ ఇంకా స్కూల్లో చదువుకునే పిల్లవాడు.

అంటే సినిమా నుంచి కవిత్వానికి అని మనం గీస్తున్న బాణం ముఖ్యమైన చోట్ల నిలబడదు. తర్వాత కాలంలో నిలబడే చోట్లు ఉన్నాయి, వాటికి తర్వాత వద్దాం.

మంజీర_గట్టు:

పాతపేట సార్, తేదీలు కాదనను కానీ మీరు మాంటాజ్ అంటే ఒక్క సోవియట్ వాళ్లదే అన్నట్టు మాట్లాడుతున్నారు. 1903లోనే ఎడ్విన్ పోర్టర్ ‘ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ తీశాడు, దొంగలు ఒక దగ్గర, కట్టేసిన టెలిగ్రాఫ్ ఆపరేటర్ ఇంకో దగ్గర. అమెరికా దర్శకుడు గ్రిఫిత్ 1908 నుంచి రెండు చోట్ల జరిగేవి కలిపి కోస్తూనే ఉన్నాడు. 1916లో ‘ఇన్‌టాలరెన్స్’ అయితే నాలుగు కాలాల కథలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దూకుతాయి: బాబిలోన్, క్రీస్తు, 1572 నాటి ఫ్రాన్సు ఊచకోత, అప్పటి అమెరికా. నాలుగు కాలాలు, ఒకే పాపం మళ్లీ మళ్లీ. ఇప్పుడు ‘ది వేస్ట్ ల్యాండ్’ తీసి చూడండి, జెరూసలేం, ఏథెన్స్, అలెగ్జాండ్రియా, వియన్నా, లండన్ ఒకే వరసలో కూలుతాయి. ఆ ఆరేళ్లలో ఊరంతా ఆ గాలి పీలుస్తుంటే కవి ఒక్కడే పీల్చలేదంటే ఎట్లా నమ్మాలి? కవి టికెట్టు కొని హాల్లో కూర్చున్నాడా అన్నది పోలీసులు అడగాల్సిన ప్రశ్న. నేనూ కవిత్వం రాస్తాను, నా మీద పడ్డవి అన్నీ నేను కూర్చుని చూసినవి కావు.

పాతపేట_చదువరి:

మంజీర గారూ, గ్రిఫిత్‌ని తీసుకొచ్చినందుకు సంతోషం, ఎందుకంటే కథ అక్కడే తలకిందులవుతుంది.

1908లో గ్రిఫిత్ ‘ఆఫ్టర్ మెనీ ఇయర్స్’ అని చిన్న సినిమా తీశాడు. ఓడ మునిగి దీవిలో చిక్కుకున్న భర్త, ఇంటి దగ్గర ఎదురుచూసే భార్య. భార్య ముఖం చూపించి వెంటనే దీవిలో ఉన్న భర్తను చూపించాడు. స్టూడియో వాళ్లు బెంబేలెత్తారు, ఇలా దూకితే కథ ఎవరికి అర్థమవుతుంది అని. డికెన్స్ అలా రాయడా అని గ్రిఫిత్ తిరిగి అడిగాడని ఆయన భార్య లిండా ఆర్విడ్సన్ రాసిపెట్టింది. ఆ కథ ఎక్కడిది? టెన్నిసన్ రాసిన ‘ఈనాక్ ఆర్డెన్’ అనే కవితది. ‘ఇన్‌టాలరెన్స్’లో నాలుగు కథల మధ్య కుట్టు వేసే షాట్ ఒకటుంది, లిలియన్ గిష్ ఊయల ఊపుతూ ఉంటుంది, అదే మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ ఊయల వాల్ట్ విట్మన్ కవిత మొదటి పంక్తి, గ్రిఫిత్ దాన్ని సినిమాలో అక్షరాల్లోనే వేశాడు. మాస్కోలో 1919లో ‘ఇన్‌టాలరెన్స్’ ఆడింది, కులెషోవ్ బృందం దాన్ని నమిలి మింగింది. ఐజెన్‌స్టయిన్ 1944లో డికెన్స్, గ్రిఫిత్, మన సినిమా అంటూ పెద్ద వ్యాసమే రాశాడు, సినిమాకి తాతముత్తాతలు లేరనుకోవద్దు అని.

టెన్నిసన్, విట్మన్, డికెన్స్, వాళ్ల నుంచి గ్రిఫిత్, గ్రిఫిత్ నుంచి మాస్కో. మీరు గాలి అంటున్నది పుట్టిందే సాహిత్యంలోంచి.

ఇంకో ముచ్చట. ఎలియట్ తన కవితకి మొదట పెట్టుకున్న పేరు డికెన్స్ ‘అవర్ మ్యూచువల్ ఫ్రెండ్’ నవల్లోది. ఒక పిల్లవాడు పోలీసు వార్తలు పేపర్లోంచి చదువుతూ ఒక్కో మనిషికి ఒక్కో గొంతు పెడతాడని అందులో ఒకావిడ చెబుతుంది, ఆ మాట. అంటే గ్రిఫిత్, ఎలియట్ ఇద్దరూ ఒకే బావిలో నీళ్లు తోడుకున్నారు.

నీటిగడియారం:

ఇది నాకు ఎవరూ చెప్పలేదు! చాలా చాలా థాంక్స్ సర్. మరి ఇంగ్లీషు వదిలేసి ఫ్రెంచి వైపు చూస్తే? సినిమా పుట్టింది పారిస్‌లోనే కదా, 1895 డిసెంబరులో. అక్కడి కవులు సినిమా గురించి నేరుగా ఏమైనా అన్నారా?

సెయిన్_ఒడ్డు:

అన్నారు, చాలా అన్నారు. నేను ఉండేది పారిస్ దగ్గర, ఫ్రెంచి కవిత్వం చదవడం నాకు వ్యసనం. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

అపోలినేర్ ‘జోన్’లో ఒక చోట కవి తనను తనే నువ్వు అని పిలుచుకుంటూ ఊళ్లు మారతాడు. ఇదిగో నువ్వు మార్సెయ్‌లో పుచ్చకాయల మధ్య. ఇదిగో కోబ్లెంజ్‌లో హోటల్ గదిలో. ఇదిగో రోమ్‌లో చెట్టు కింద. ఇదిగో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక అమ్మాయితో. ఒక్కో ఊరికి ఒక్కో పంక్తి, మధ్యలో ప్రయాణం లేదు, అప్పుడు, ఆ తర్వాత లాంటి మాట లేదు. పైగా ‘ఆల్కూల్’ సంపుటి ప్రూఫులు దిద్దేటప్పుడు ఆయన కామాలు ఫుల్‌స్టాపులు అన్నీ పీకేశాడు. దాంతో ఒక ఊరు ఇంకో ఊరికి నేరుగా తగులుతుంది. ఇది 1912–13. అప్పటి పారిస్ హాళ్లలో దేశదేశాల దృశ్యాలు చూపించే చిన్న చిన్న ఫిల్ములు మామూలే. కానీ అవి కారణం అని నేను చెప్పను. రైలు ఉంది, పోస్టుకార్డు ఉంది, పక్క పక్కనే పొంతన లేని వార్తలు వేసే దినపత్రిక ఉంది. ఆ కవితలోనే ఆయన కరపత్రాలూ పోస్టర్లూ గట్టిగా పాడుతున్నాయి, పొద్దున పూట కవిత్వమంటే అదే అంటాడు. సినిమా ఊసే లేదు ఆ జాబితాలో.

ఐదేళ్లు దాటాక చూడండి. 1917 నవంబరులో ఇచ్చిన ఉపన్యాసంలో అదే అపోలినేర్ సినిమాని జనం కళల్లో మొదటిదని, బొమ్మల పుస్తకమని అంటాడు, అలాంటి రోజుల్లో కవులు ఆలోచనాపరుల కోసం బొమ్మలు కూర్చడానికి ప్రయత్నించకపోతేనే వింత అంటాడు. ఇక్కడ నీటిగడియారం అడిగిన సాక్ష్యం మొదటిసారి దొరుకుతుంది. కవి తన నోటితో చెబుతున్నాడు.

ఇక బ్లెజ్ సాండ్రార్ అనే కవి. 1913లో ‘ట్రాన్స్ సైబీరియన్’ కవిత, సోనియా దెలోనే రంగులు వేసింది, విప్పితే 2 మీటర్ల పొడవున్న ఒకే కాగితం. 150 ప్రతులు నిలువునా పేరిస్తే ఈఫిల్ టవరంత ఎత్తు అవుతాయని లెక్క వేసుకున్నారు, అన్నీ అచ్చు కాలేదు. రైలు కిటికీ పక్కన కూర్చున్నవాడి కవిత అది, సినిమా నేర్పినది కాదు. తర్వాత యుద్ధంలో ఆయన కుడి చెయ్యి పోయింది. ఆ తర్వాత దర్శకుడు ఆబెల్ గాన్స్ దగ్గర చేరి ‘జాక్యూజ్’ (1919)కి, ‘లా రూ’ (1923)కి సహాయకుడిగా పనిచేశాడు. ‘లా రూ’ అంటే రైలు చక్రాలు, పట్టాలు, ముఖాలు క్షణాల్లో మారిపోయే ఆ కటింగ్, సోవియట్ వాళ్లు సైతం చూసి నేర్చుకున్నారు. మొదట రైలు కవిత రాసినవాడు పదేళ్లకు రైలు సినిమా బల్ల దగ్గర నిలబడ్డాడు! 1919లో ఆయన రాసిన ప్రపంచాంతం కథనం మాత్రం అచ్చంగా సినిమా బిడ్డ. లోకం నాశనమవడాన్ని దేవదూత ఒకడు ఫిల్మ్ తీస్తాడు, చివరికి రీలు వెనక్కి తిరిగి అంతా మళ్లీ మొదటికి వస్తుంది. రీలు వెనక్కి తిప్పడం చూడనివాడికి ఆ ఊహ తట్టదు. కాబట్టి ఫ్రాన్సులో గీత 1917 దగ్గర గీయొచ్చు అని నా అభిప్రాయం.

మంజీర_గట్టు:

ఎంత బాగా చెప్పినవక్కా. రీలు వెనక్కి తిప్పడం అన్నది నాకు ఒప్పుకోక తప్పని సాక్ష్యం. పౌండ్ మెట్రో కవిత సంగతి కూడా ఎవరైనా విప్పండి, అది రెండే పంక్తులు, అందరూ దాన్నే మాంటాజ్‌కి నమూనా అంటారు.

పాతపేట_చదువరి:

విప్పుతాను, ఇది నాకు బాగా ఇష్టమైన చోటు.

పారిస్‌లో కాంకార్డ్ స్టేషన్లో మెట్రో దిగాడు పౌండ్. ఒక అందమైన ముఖం, ఇంకొకటి, ఒక పాప ముఖం, ఇంకో స్త్రీ. మొదట 30 పంక్తులు రాసి చించేశాడు. ఆరు నెలలకు అందులో సగం. ఏడాది తర్వాత రెండు పంక్తులు. మొదటి పంక్తిలో గుంపులో తోచి మాయమయ్యే ఈ ముఖాలు, రెండో పంక్తిలో తడిసిన నల్లని కొమ్మ మీద పూరేకులు. లాగా, వలె అనే మాట లేదు, క్రియ కూడా లేదు.

1913 ఏప్రిల్‌లో ‘పొయెట్రీ’ పత్రికలో అచ్చయినప్పుడు ఆ కవిత ఎలా ఉందో చూడండి. మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు, పంక్తి ఆగి ఆగి నడుస్తుంది. మొదటి పంక్తి చివర కోలన్, దాని ముందు కూడా ఖాళీ. తర్వాతి ముద్రణల్లో ఖాళీలు మూసుకుపోయాయి, కోలన్ పోయి సెమికోలన్ వచ్చింది. కోలన్ ఉంటే ముఖాలు అంటే ఇవీ అని రెండో పంక్తి మొదటిదానికి జవాబు చెబుతుంది. సెమికోలన్ ఉంటే రెండూ పక్క పక్కన నిలబడతాయి, కలపడం చదివేవాడి పని. కత్తెర_పని గారు చెప్పిన కులెషోవ్ ఖాళీ అదే. ఆ చిన్న గుర్తు మార్చడంలో ఒక ఎడిటర్ తీసుకునే నిర్ణయం ఉంది.

అయినా అది సినిమా దగ్గర నేర్చింది కాదు. 1914లో ‘వోర్టిసిజం’ అనే వ్యాసంలో ఈ కవిత పుట్టుక అంతా ఆయనే చెప్పాడు. ఒక భావం మీద ఇంకో భావం పెట్టడం అన్న పద్ధతి జపాను హొక్కు (హైకూ) నుంచి వచ్చిందని చెబుతూ రాలిన పువ్వు కొమ్మకు తిరిగి ఎగిరింది, అది సీతాకోకచిలుక అనే చిన్న పద్యం ఉదాహరణగా ఇచ్చాడు. అదే వ్యాసంలో సినిమా గురించి కూడా ఒక మాట ఉంది: ఇంప్రెషనిస్టు కళ చివరికి చేరేది సినిమాటోగ్రాఫ్ దగ్గరికే అని. ఆయనకు ఇంప్రెషనిజం అంటే గిట్టదు. అంటే మాంటాజ్‌కి నమూనా అని మనం చూపించే కవితని వివరిస్తూనే, అదే వ్యాసంలో సినిమాని అవతలి గట్టున నిలబెట్టాడు. దీన్ని దాటి ఎవరూ ముందుకు పోలేరు.

ఏడేళ్లకు, 1921లో, ఫ్రెంచి కవి కోక్తో కవితల మీద రాస్తూ పల్లె జీవితం కథలా సాగుతుందని, నగరంలో మాత్రం దృశ్యాలు ఒకదాని మీద ఒకటి పడుతూ అడ్డొస్తూ సినిమాలాగా ఉంటాయని రాశాడు. ఈసారి తిట్టుగా కాదు. నగరం అలా ఉంది, దాన్ని చెప్పడానికి ఇప్పుడు ఆయనకు సినిమా అక్కరకొచ్చింది. మధ్యలో మారింది ఇదే.

ఎర్రమట్టి:

జపాను పేరు వచ్చింది కాబట్టి ఒక తోక తగిలిస్తాను. ఐజెన్‌స్టయిన్ కూడా 1920లో జపనీస్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. 1929లో జపాను సినిమా మీద వచ్చిన ఒక చిన్న పుస్తకానికి వెనుక మాట రాస్తూ, వాళ్ల లిపిలో కుక్క బొమ్మ పక్కన నోరు బొమ్మ పెడితే మొరగడం, నీళ్ల పక్కన కన్ను పెడితే ఏడవడం అవుతుంది, ఇదే మాంటాజ్ అన్నాడు. హైకూలను వరుస షాట్లుగా చదివి చూపించాడు. లండన్‌లో పౌండ్, మాస్కోలో ఈయన, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోకుండానే ఒకే తలుపు తట్టారు. చైనా జపాను లిపుల్లో ఎక్కువ అక్షరాలు అలా బొమ్మల కలయికతో పుట్టినవి కావని భాషావేత్తలు ఇద్దరినీ తప్పుపట్టారు. అది నిజమే, కానీ ఆ పొరపాటు చదువులోంచే ఇన్ని కవితలు, ఇన్ని సినిమాలు పుట్టాయి.

రష్యాలో అసలు ఈ ప్రశ్నే వేరు. అక్కడ కవులూ సినిమావాళ్లూ ఒకే గదిలో ఉన్నారు. కవి మయకోవ్‌స్కీ 1918లోనే తెర మీద నటించాడు, 1922లో సినిమా మీకు కాలక్షేపం, నాకు దాదాపు లోకాన్ని చూసే చూపు అని రాశాడు. ఆయన నడిపిన ‘లెఫ్’ పత్రిక 1923 మూడో సంచికలో ఐజెన్‌స్టయిన్ మాంటాజ్ వ్యాసమూ డాక్యుమెంటరీ దర్శకుడు జిగా వెర్తోవ్ ప్రకటనా కలిసి అచ్చయ్యాయి, అంటే ఐజెన్‌స్టయిన్ మాంటాజ్ సిద్ధాంతం మొదట వెలుగు చూసింది ఒక కవి పత్రికలో. వెర్తోవ్ సినిమాలకు రాకముందు కవితలు రాసేవాడు. 1938లో ఐజెన్‌స్టయిన్ మయకోవ్‌స్కీ మెట్లు మెట్లుగా విరిచే పంక్తుల గురించి ఏమన్నాడంటే, ఈయన పంక్తుల లెక్కన విరవడు, షాట్ల లెక్కన విరుస్తాడు అని. తోటి కవి యెసెనిన్ చనిపోయినప్పుడు మయకోవ్‌స్కీ రాసిన కవితలోంచి తీసి చూపించాడు. ఒక మెట్టు మీద శూన్యం అన్న ఒక్క మాట, దాని కింద నక్షత్రాల్లోకి దూసుకుపోవడం. పుష్కిన్ ‘పొల్తావా’లో పీటర్ చక్రవర్తి గుడారంలోంచి బయటికి రావడాన్నీ అలాగే విడదీశాడు, ముందు గొంతు, ఆ తర్వాతే మనిషి. పుష్కిన్ ఎక్కడ, సినిమా ఎక్కడ!

కత్తెర_పని:

ఇదంతా చదివాక రాత్రి ‘ది వేస్ట్ ల్యాండ్’ తీశాను, మూడో భాగం దగ్గర కుర్చీలోంచి లేచాను. టైపిస్టు అమ్మాయి దృశ్యం. ఆమె సాయంత్రం ఇంటికి వస్తుంది, పొద్దుటి గిన్నెలు తీస్తుంది, డబ్బాల్లో తిండి పెడుతుంది, కుర్రాడు వస్తాడు, వాడి పని చూసుకుని చీకట్లో మెట్లు తడుముకుంటూ వెళ్లిపోతాడు. ఆమె యంత్రంలా జుట్టు సర్దుకుని గ్రామఫోన్ మీద రికార్డు పెడుతుంది. వెంటనే తర్వాతి పంక్తి, ఈ సంగీతం నీళ్ల మీదుగా నా పక్కనుంచి పాకింది అని. ఆ పంక్తి షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’లోది. ఆ వెంటనే స్ట్రాండ్ వీధి, క్వీన్ విక్టోరియా వీధి, లోయర్ థేమ్స్ వీధిలో సారాయి దుకాణం పక్కన మాండొలిన్ మోత, చేపలవాళ్ల కబుర్లు, ఆ తర్వాత మాగ్నస్ మార్టర్ చర్చి గోడల్లో తెలుపూ బంగారం.

గది నుంచి నదికి, నది నుంచి వీధికి మనల్ని తీసుకెళ్లింది ఏ బొమ్మా కాదు, పాట. ఒక సీన్లో మొదలైన శబ్దం తర్వాతి సీన్ మీద పరుచుకుంటుంది. మా పనిలో ఇది రోజువారీ సంగతి, సౌండ్ ఓవర్‌ల్యాప్ చేయకుండా నేను సీన్ మార్చను. అయితే 1922లో సినిమాకి నోరు లేదు! మాటల సినిమా జనంలోకి వచ్చింది 1927 తర్వాత. హాల్లో పియానో వాయించేవాళ్లు, కానీ ఒక సీన్ శబ్దాన్ని ఇంకో సీన్ మీదికి లాగడం అనేది అప్పటి సినిమా చేతిలో లేని పని. రెండో భాగంలో సారాయి దుకాణం వాడు టైమైంది త్వరపడండి అని పెద్ద అక్షరాల్లో అరుస్తూ కబుర్లను కోస్తాడు చూడండి, అదీ చెవితో చేసిన ‘కట్’ పనే. ఈయన సినిమాని అనుకరించాడని ఎలా అంటారు? సినిమా ఇంకా చేరని చోట నిలబడి ఉన్నాడు. నా మటుకు నాకు ఈ కవితకి సినిమా హాలు కన్నా ఆ గ్రామఫోనే దగ్గర చుట్టం.

నీటిగడియారం:

కత్తెర_పని గారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. దీన్ని పేపర్లో వాడుకోవచ్చా? ఇక్కడి చర్చలోంచి తీసుకున్నానని రాస్తాను. ఇంకొక్కటి అడుగుతాను, ఎలియట్ స్వయంగా సినిమా గురించి ఏమైనా అన్నాడా?

కత్తెర_పని:

నిరభ్యంతరంగా వాడుకోండి.

పాతపేట_చదువరి:

అన్నాడు, మెచ్చుకోలు మాత్రం కాదు. 1922లో మ్యూజిక్ హాల్ గాయని మేరీ లాయిడ్ చనిపోయినప్పుడు రాసిన వ్యాసంలో, చవకగా వేగంగా పెరిగిపోతున్న సినిమా జనాన్ని మొద్దుబారుస్తుందని, మెదడు అందుకోలేనంత వేగంగా నడుస్తుందని బాధపడ్డాడు. మ్యూజిక్ హాల్లో జనం గాయనితో కలిసి పాడతారు, తెర ముందు ఊరికే కూర్చుంటారు అన్నది ఆయన బెంగ. వేగం నచ్చనివాడు అంత వేగంగా కోసిన కవిత రాశాడా అంటే, ఆ కోతలో సగం చెయ్యి పౌండ్‌ది. 1922 జనవరి నాటికి పారిస్‌లో పౌండ్ ఆ ప్రతిని దాదాపు సగానికి తగ్గించాడు. నాలుగో భాగంలో పెద్ద సముద్ర ప్రయాణం ఉండేది, ఇప్పుడు మిగిలింది 10 పంక్తులు. ఆ రాతప్రతి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉందని లోకానికి తెలిసింది 1968లో, అచ్చులో వచ్చింది 1971లో. ఒక దృశ్యానికీ ఇంకో దృశ్యానికీ మధ్య దారి చూపించే పంక్తులు పోవడం అందులో కంటికి కనిపిస్తుంది. నీటిగడియారం గారూ, ఆ 1971 పుస్తకం ఎలాగైనా సంపాదించండి.

మంజీర_గట్టు:

తేదీల గొడవలోకి నేను మళ్లీ పోను కానీ ఇంకో దిక్కు నుంచి అడుగుతా. రాసినవాళ్ల సంగతి సరే, చదివినవాళ్లో? 1922లో అట్లా గంతులేసే కవిత ఇస్తే జనం చదివిండ్రు, తిట్టినా చదివిండ్రు. అదే కవిత 1890లో అచ్చేస్తే ఎవరైనా రెండో పేజీ తిప్పేవాళ్లా? పదిహేనేండ్లు హాల్లో కూర్చొని ఒక ముఖం తర్వాత ఒక తుపాకీ, తుపాకీ తర్వాత ఒక రైలు చూసి చూసి, మధ్యలో ఎవరూ చెప్పకపోయినా అందుకోవడం జనానికి వచ్చింది. సినిమా కవికి గురువు కాకపోవచ్చు, పాఠకుడికి మాత్రం గురువే.

పాతపేట_చదువరి:

ఇది బలమైన మాట. నేను దీనికి అడ్డు చెప్పను. అమెరికన్ కవి హార్ట్ క్రేన్ ‘ది బ్రిడ్జ్’ (1930) మొదట్లో ఆ పాఠకులే కనిపిస్తారు, తెర మీద మెరిసే ఏదో దృశ్యం వైపు వంగి చూసే జనం, అది ఎప్పటికీ పూర్తిగా బయటపడదు, అయినా మళ్లీ దానికోసమే పరుగు. చాప్లిన్ ‘ది కిడ్’ చూసి 1921లో కవిత రాసినవాడు ఆయన.

సెయిన్_ఒడ్డు:

నీటిగడియారం, నీకు కావలసిన మనిషి ఎలియట్ కాదమ్మా, హెచ్.డి. అనే పేరుతో రాసిన అమెరికన్ కవయిత్రి హిల్డా డూలిటిల్. ఇంతమందిలో ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు, నాకు బాధగా ఉంది. పౌండ్ 1912లో ఇమేజిస్టు (మాటల బొమ్మతోనే చెప్పే కవి) అని ముద్ర వేసి ఆమె కవితలు అచ్చుకి పంపాడు, అవి 1913లో వచ్చాయి. 1927 నుంచి 1933 దాకా ఆమె మిత్రులు బ్రయర్, కెనెత్ మాక్‌ఫర్సన్ స్విట్జర్లాండ్ నుంచి ‘క్లోజప్’ అనే సినిమా పత్రిక నడిపారు, ఐజెన్‌స్టయిన్ వ్యాసాలు ఇంగ్లీషులో వచ్చింది అందులోనే. హెచ్.డి. మొదటి సంచిక నుంచీ అందులో సినిమా వ్యాసాలు రాసింది, ‘ప్రొజెక్టర్’ అని కవిత రాసింది, 1930లో వాళ్లే తీసిన ‘బోర్డర్‌లైన్’లో పాల్ రోబ్‌సన్‌తో పాటు నటించింది. చూసింది, రాసింది, నటించింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆ తర్వాత ‘ది వాల్స్ డు నాట్ ఫాల్’ (1944) తెరిచి చూడు. బ్రయర్‌కి అంకితం, కర్నాక్ 1923 అని ఒక పక్క, లండన్ 1942 అని ఇంకో పక్క. బాంబులు పడ్డ లండన్, తుపాకుల కోసం పీకేసిన కమ్మీలు, అక్కడి నుంచి ఒక్క ఊపులో ఈజిప్టు గుడి. అక్కడా ఇక్కడా శిథిలం సమాధిని తెరుస్తోంది అంటుంది. పై కప్పు లేని గది, పై కప్పు లేని గుడి, రెండింట్లోకీ ఒకే ఆకాశం. ఒక బొమ్మ కరిగి ఇంకో బొమ్మ అవుతుంది. 1913లో ఆమె రాసిన గట్టి రాయిలాంటి చిన్న కవితల పక్కన దీన్ని పెట్టు, మధ్యలో సినిమా ఉందని తెలుస్తుంది. రాత ఎక్కడ మారింది అని మొదటి పోస్టులో అడిగావు కదా, ఇక్కడ మారింది.

ఎర్రమట్టి:

మన వైపు ఎవరూ లేరా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. పఠాభి. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ రాసిన మనిషే 1970లో కన్నడంలో ‘సంస్కార’ సినిమాకి దర్శకుడు. అక్కడ కూడా కవిత ముందు, కెమెరా వెనక. అంతకు మించి లాగితే తెగుతుంది.

నీటిగడియారం:

మా మేడమ్‌తో మాట్లాడాను. హెచ్.డి. మీదికి మార్చుకోవడానికి ఒప్పుకున్నారు, 1913 కవితలు ఒక పక్క, 1944 కవిత ఇంకో పక్క, మధ్యలో ‘క్లోజప్’ ఏళ్లు. పౌండ్ సెమికోలన్, ఎలియట్ గ్రామఫోన్ మొదటి అధ్యాయంలో వస్తాయి, తేదీలు అక్కడే తేల్చేస్తాను. సెయిన్_ఒడ్డు గారూ, ‘క్లోజప్’ పాత సంచికలు ఆన్‌లైన్లో ఉన్నాయా?

సెయిన్_ఒడ్డు:

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతుకు, స్కాన్లు ఉన్నాయి. 1927 జులై సంచికతో మొదలుపెట్టు, ‘ప్రొజెక్టర్’ అందులోనే ఉంది.